ఆరో పళ్లెం

మిల్వాకీలో ఇంకా తెల్లవారని ఐదున్నర.
కిటికీ అవతల సరస్సు గాలి
మంచును బస్టాపు మీద కుమ్మరిస్తోంది.
ఇవతల నాలుగు కుర్చీలు, నాలుగు యంత్రాలు,
గొట్టాల్లో సుళ్లు తిరిగే నలుగురి నెత్తురు.
సూదులు గుచ్చి, టేపు అంటించి,
అంకెలు రాసుకునే మనిషిని నేను.
టీవీ రిమోట్ ఉండేదీ నా జేబులోనే,
చానల్ మార్చే ధైర్యమే లేదు.

ఆరింటికి 'డాబ్నీల ఇల్లు'.
యాభై ఏళ్ల నాటి నవ్వుల సీరియల్.
తలుపు తీస్తే నవ్వు, తలుపు వేస్తే నవ్వు,
హెరాల్డ్ డాబ్నీ టోపీ మీద తనే కూర్చుంటే
కనిపించని జనమంతా పొట్ట చెక్కలయ్యే నవ్వు.

"తినేది ఐదుగురు. పళ్లాలు ఆరు"
అంది డెల్ఫీన్ ఒబుకోవ్‌స్కీ.
ముప్పై ఏళ్లు బ్యాంకులో చిల్లర లెక్కపెట్టిన చెయ్యి, తప్పదు.
"బల్లకి నాలుగో పక్క ఎవరూ కూర్చోరు, చూశావా?
ఆ ఇంట్లో ఒక బిడ్డ పోయింది. పేరెత్తరు.
మూడో సీజన్లో తల్లి మెట్ల దగ్గర
ఒక్క క్షణం ఆగుతుంది. ఊరికే ఆగుతుందా?"

"పిల్లా లేదు పీచూ లేదు" అన్నాడు థ్రెడ్‌గిల్.
"మొదటి వారమే హెరాల్డ్ నిచ్చెన మీంచి పడ్డాడు.
ఇప్పటికీ లేవలేదు.
ఇదంతా ఆసుపత్రి మంచం మీద కల.
అందుకే ఆ ఊళ్లో వాన పడదు.
ఆ నవ్వులంటావా, పక్క గదిలో నర్సులవి."
ముగ్గురూ నా వైపు తిరిగారు.
నేనంత గట్టిగా నవ్వను.

నాలుగో కుర్చీలో ఆర్విడ్ లిండ్‌క్విస్ట్
దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.
"పళ్లాలు అరడజను లెక్కన అమ్ముతారు.
ఆరోది దాచడానికి అల్మరా లేదు, బొమ్మ అల్మరా అది.
నాలుగో పక్కన ఉండేది కెమెరా.
ఆ వంటింటి పసుపు గోడ
బర్బాంక్‌లో నేను వేసిందే, ఇరవై రెండేళ్లప్పుడు."

కాసేపు యంత్రాలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
"గోడకి రంగేసినవాడికి
ఇంటి గుట్టు ఎవరు చెప్తారు?" అంది డెల్ఫీన్.

పా న్హియా వాంగ్ పెదవి విప్పడం అరుదు.
వచ్చేప్పుడు ఒక కమలాపండు తెస్తుంది.
పొటాషియం, తినకూడదు, వాసన చూస్తుంది.
"ముద్ద ఎత్తే ముందు మేం పోయినవాళ్లని పిలుస్తాం,
తాతా రా, అమ్మా రా, తిందురు గాని అని.
పళ్లెం ఉంటే ఉంటుంది.
ఇందులో వెతకడానికేముంది?"

ఫిబ్రవరిలో ఒక బుధవారం ఆర్విడ్ రాలేదు.
శుక్రవారమూ రాలేదు.

"కిడ్నీ దొరికింది" అన్నాడు థ్రెడ్‌గిల్.
"అర్ధరాత్రి ఫోను, చెప్పుల కాళ్లతో పరుగు.
లేకపోతే దుప్పటి ఇక్కడ వదులుతాడా?"
"మొన్న కోటు గుండీలు పెట్టుకుంటూ
తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు" అంది డెల్ఫీన్.
ఇంకేమీ అనలేదు.
వాంగ్ కమలాపండు ఖాళీ కుర్చీ ట్రే మీద పెట్టింది.
బయటి తిండి అలా ఉంచకూడదు, రూలు.

నాకు తెలుసు.
చెప్పకూడదన్నదీ రూలే, సంతకం పెట్టాను.
ఇప్పుడు వాళ్లు నన్ను చూస్తున్నారు,
నేను టేపు చింపే తీరు,
గుడ్ మార్నింగ్‌లో ఎక్కడ ఊపిరి తీసుకున్నాను,
దుప్పటి ఎన్ని మడతలు పెట్టాను.

ఆరయింది. తలుపు తెరుచుకుంది. నవ్వు.
పండు తియ్యడానికి వెళ్లినదాన్ని
టీవీ కింద నిలబడిపోయాను.
హెరాల్డ్ భుజం వెనక, ఫ్రిజ్ పక్కన,
పసుపు రెండో పూత అందని మూల,
అరచేయంత.
ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఇదే చూడటం.

మరిచిపోయాడంటారా?